మగ్గం పోగొట్టుకున్న దేవత

మన షోలాపూర్ పూర్వ భాగంలో ఏ గల్లీకి పోయినా ఇప్పుడు ఒకామె బొమ్మ కనిపిస్తుంది. ఆడపిల్లల బడి సంచుల మీద, నీళ్ల సీసాల మీద, కంపాసు డబ్బాల మీద ఆమే. తలకు బంగారు పట్టీ, దాని మధ్య ఎర్ర నక్షత్రం, ముంజేతులకు వెడల్పాటి కడియాలు, నడుముకు వేలాడే బంగారు తాడు. పేరు వండర్ వుమన్.

రాత్రి బడిలో నేను చరిత్ర చెబుతాను. పొద్దంతా కార్ఖానాలో పనిచేసి వచ్చే పిల్లలు మా దగ్గర చదువుతారు. ఒకరోజు "ఈమె ఎవరు?" అని అడిగితే "సినిమాది టీచర్" అన్నారు. నిజమే, 2017లో ఆమె సినిమా వచ్చింది. కానీ ఆమె వయసు మన తాతల వయసు. ఆమె వెనక నిలబడిన దేవతల వయసు రెండున్నర వేల ఏళ్లకు పైనే. ఆ దేవతల్లో ఒకామెకు మన ఇళ్లతో చాలా దగ్గరి సంబంధం ఉంది. ఆమె మగ్గం దేవత. పేరు అథీనా. బొమ్మల పుస్తకంలోకి వచ్చేసరికి ఆ తల్లి మగ్గం ఏమైందో చెప్పాలనే ఈ వ్యాసం.

మట్టిబొమ్మకు ప్రాణం

వండర్ వుమన్ మొదట కనిపించింది 1941లో, అమెరికాలో. 'ఆల్ స్టార్ కామిక్స్' అనే బొమ్మల పత్రిక 8వ సంచికలో. కథ రాసినవాడు విలియం మౌల్టన్ మార్‌స్టన్, మనస్తత్వ శాస్త్రవేత్త. బొమ్మలు వేసినవాడు హెచ్. జి. పీటర్. అప్పటికి సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ వచ్చేశారు. బలమంతా మగవాళ్లదేనా, ఒక ఆడమనిషి ఎందుకుండకూడదు అన్నది మార్‌స్టన్ ఆలోచన.

ఆమె పుట్టుక కథ వింటే మన ఆడవాళ్లకు కొత్తగా అనిపించదు. అమెజాన్లు అనే వీర వనితల రాణి హిప్పోలిటా. ఆమెకు బిడ్డ కావాలి. మట్టితో ఒక పాప బొమ్మ చేసింది. ఆఫ్రొడైటీ దేవత ఆ బొమ్మకు ప్రాణం పోసింది. మన పార్వతమ్మ నలుగుపిండితో బాలుణ్ణి చేసి వాకిట్లో కాపలా పెట్టలేదా, అట్లాంటిదే. ఆ పిల్లకు డయానా అని పేరు పెట్టారు. డయానా అంటే వేట దేవత. ఆమెను గ్రీకులు ఆర్టెమిస్ అంటారు, రోమన్లు డయానా అంటారు. పిల్లకు అందం ఆఫ్రొడైటీది, బుద్ధి అథీనాది, బలం హెర్క్యులిస్‌ను మించినది, వేగం మెర్క్యురీది. ఇట్లా నలుగురి గుణాలు పోగుచేసి ఒక మనిషిని తయారుచేశారు. గ్రీకు పేర్లూ రోమన్ పేర్లూ కలగలిసిపోయినా చదివే పిల్లలు పట్టించుకోలేదు.

ఆమె కడియాలకు కూడా ఒక కథ ఉంది. హెర్క్యులిస్ మోసం చేసి అమెజాన్లను బానిసలుగా కట్టేశాడట. విడుదలైన తర్వాత కూడా ఆ బానిసత్వం గుర్తుండాలని వాళ్లు చేతులకు కడియాలు ఉంచుకున్నారు. ఆ కడియాలతోనే డయానా తుపాకి గుళ్లను అడ్డుకుంటుంది. మన దగ్గర మగవాణ్ణి తిట్టాలంటే "గాజులు తొడుక్కున్నవా?" అంటారు. ఈ కథలో గుండుకు ఎదురు నిలిచేది ఆ గాజుల చెయ్యే.

నడుముకున్న బంగారు తాడుతో ఎవరిని కట్టినా వాడు నిజం చెప్పి తీరాలి. మార్‌స్టన్ తన శాస్త్రంలో రక్తపోటు కొలిచి అబద్ధం పట్టుకునే పద్ధతి మీద పనిచేసినవాడు. అందుకే ఆ తాడు ఆలోచన వచ్చిందని చాలామంది అంటారు.

అథీనా ఎవరు?

ఇక బుద్ధిని ఇచ్చిన అథీనా సంగతి. బొమ్మల పుస్తకాల్లో ఆమె కూడా పాత్రగా వస్తుంది. తలకు శిరస్త్రాణం, చేతిలో ఈటె, డాలు, పక్కన గుడ్లగూబ. యుద్ధ దేవత, జ్ఞాన దేవత. అంతవరకు సరే. కానీ పాత గ్రీకులకు ఆమె ఇంకొకటి కూడా. చేతిపనులన్నిటికీ ఆమే తల్లి, ముఖ్యంగా నూలు వడకడానికీ బట్ట నేయడానికీ. ఆ రూపంలో ఆమెను అథీనా ఎర్గానే అనేవారు. అంటే పనిచేసే అథీనా, పని నేర్పే అథీనా.

ఏథెన్స్ నగరంలో ఆమె పేరిట ప్రతి ఏటా పండుగ జరిగేది. నాలుగేళ్లకోసారి ఇంకా పెద్దగా చేసేవారు. పండుగలో ముఖ్యమైన ఘట్టం దేవతకు కొత్త బట్ట సమర్పించడం. తొమ్మిది నెలల ముందే మగ్గం మీద పడుగు ఎక్కించేవారు. ఆ పని మొదలుపెట్టేటప్పుడు చిన్న ఆడపిల్లలు కూడా చెయ్యి వేసేవారు. నేసేది ఏథెన్స్ ఆడవాళ్లు. పెద్ద పండుగ నాడు ఆ బట్టను చక్రాల మీద నడిచే ఓడకు తెరచాపలా కట్టి ఊరేగించేవారు. నారళీ పౌర్ణమికి మన మార్కండేయ రథం వెంట నడిచినవాళ్లకు ఆ ఊరేగింపు ఎట్లా ఉండేదో నేను వర్ణించి చెప్పక్కర్లేదు.

అసలు విషయం ఆ బట్ట మీద ఉంది. అది సాదా బట్ట కాదు. దేవతలకూ రాక్షసుల్లాంటి మహాకాయులకూ జరిగిన యుద్ధాన్ని బొమ్మలుగా అందులో నేసేవారు. అందులో గెలిచే వీరనారి అథీనాయే. అంటే ఆ దేవత సాహసాలను బొమ్మల్లో చూపింది అమెరికా వాళ్లకంటే ఎంతో ముందు నేతగత్తెలే, మగ్గం మీదే.

సాలె, సాలీడు, స్పైడర్‌మ్యాన్

అథీనా గురించి ఇంకొక కథ ఉంది. దాన్ని వివరంగా రాసినవాడు ఓవిడ్ అనే రోమన్ కవి, సుమారు 2000 ఏళ్ల కిందట. ఆ కథలో అరాక్నే అనే అమ్మాయి ఉంది. గొప్ప ఇంటిది కాదు. తండ్రి నూలుకు రంగులద్దే పనివాడు, మన మాటలో రంగారి. తల్లి లేదు. కానీ ఆ అమ్మాయి నేత చూడడానికి దూరం నుంచి జనం వచ్చేవారు. "అథీనా దగ్గర నేర్చుకున్నావా?" అంటే "కాదు, కావాలంటే ఆమెనే పోటీకి రమ్మను" అంది.

దేవత వచ్చింది. రెండు మగ్గాలు ఎదురెదురుగా వేశారు. అథీనా నడుమ తన గెలుపు కథ నేసింది, నాలుగు మూలలా నాలుగు చిన్న బొమ్మల్లో దేవతలకు ఎదురుతిరిగిన వాళ్లకు పడిన శిక్షలు నేసింది. కామిక్ పుస్తకంలో గడులు గీసినట్టే. అరాక్నే ఏం నేసింది? దేవతలు మారువేషాలు వేసుకుని ఆడవాళ్లను మోసం చేసిన కథలు, ఒకదాని పక్కన ఒకటి. పని పూర్తయ్యాక దేవత ఎంత వెతికినా ఆ బట్టలో ఒక్క తప్పు దొరకలేదు. దొరకలేదనే కోపంతో బట్ట చింపేసింది. చేతిలో ఉన్న నాడెతోనే పిల్ల నుదుటి మీద కొట్టింది. అరాక్నే అవమానం భరించలేక ఉరిపోసుకుంది. అప్పుడు దేవత ఆమెను చావనివ్వకుండా సాలెపురుగుగా మార్చింది.

గ్రీకు భాషలో అరాక్నే అంటే సాలెపురుగే. మన భాష కూడా చూడండి. సాలె అంటే నేతగాడు. నేసే పురుగు కాబట్టి అది సాలెపురుగు, సాలీడు, దాని ఇల్లు సాలెగూడు. పద్మశాలి అన్న మన పేరుకూ ఈ పురుగు పేరుకూ ఉన్న చుట్టరికం ఇది. ఎక్కడి గ్రీసు, ఎక్కడి తెలంగాణ! ఆ పురుగును చూసిన రెండు చోట్లా జనానికి నేతే గుర్తొచ్చింది. 1962లో పుట్టిన స్పైడర్‌మ్యాన్ చొక్కా వేసుకుని తిరిగే మన పిల్లవాడికి ఈ మాట చెప్పండి. "నీ చొక్కా మీదున్నవాడు సాలెవాడేరా" అంటే వాడి మొహం ఎట్లా వెలుగుతుందో చూడండి. నేను బడిలో చూశాను.

ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు మా బాపు గుర్తొస్తాడు. బాపు ఒక కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. ఆ కార్ఖానా పేరు ఇక్కడ అవసరం లేదు. నేసిన మాలు బల్ల మీద పరిచి మునీము చూసేవాడు. పోగు తెగిందనో, అంచు వంకరనో, ఏదో ఒకటి చెప్పి పగారులో కోసేవాడు. నిజంగా తప్పున్నరోజు బాపు నోరెత్తేవాడు కాదు. తప్పు లేని రోజు కోత పడితే మాత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని "తప్పు బట్టల లేదు బిడ్డా, వాళ్ల లెక్కల ఉన్నది" అనేవాడు. తప్పు దొరక్క చింపినదాని బాధ అరాక్నే కథ చదివినవాళ్లకు కొంత తెలుస్తుంది. కార్ఖానాలో బల్ల ముందు నిలబడ్డవాళ్లకు పూర్తిగా తెలుస్తుంది.

మగ్గం ఎటు పోయింది?

నేను చూసిన వండర్ వుమన్ పుస్తకాల్లో అథీనా చేతిలో ఈటె ఉంది, కత్తి ఉంది, మగ్గం లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. బొమ్మల పుస్తకానికి దూకుడు కావాలి. గుద్దు, మంట, పేలుడు కావాలి. నేత నిదానంగా సాగే పని. పోగు తర్వాత పోగు పడుతుంది. పొద్దంతా కూర్చుంటే గజాల లెక్క. అందులో ఏముంది గీయడానికి అనుకుని ఉంటారు.

గీసేవాళ్లకు మనసుంటే అందులోనూ కథ ఉంది. మన తెలుగు చందమామే అందుకు సాక్ష్యం. 1947లో మొదలైన ఆ పత్రికను మన ఇళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు చదివారు. మరాఠీ బడిలో చదువుకున్న పిల్లలు 'చాందోబా'గా చదివారు. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకుడిగా ఉన్న కాలంలో గ్రీకుల ఒడిస్సీ కథను 'రూపధరుని యాత్రలు' అనే పేరుతో బొమ్మలతో ధారావాహికగా వేశారు. ఆ గ్రీకు కథలో ఒక నేతగత్తె ఉంది. వీరుడి భార్య పెనెలోపీ. భర్త ఇరవై ఏళ్లయినా ఇంటికి రాలేదు. మమ్మల్ని చేసుకో అని మగవాళ్లు ఇంట్లో తిష్ఠ వేశారు. "మామగారికి కఫన్ బట్ట నేస్తున్నాను, అది పూర్తయ్యాక చెబుతాను" అంది. పగలు నేసేది, రాత్రి దీపం పెట్టుకుని విప్పేది. మూడేళ్లు అట్లా గడిపింది. కత్తి పట్టకుండా, నాడె పట్టుకునే నూరుమందికి పైగా మగవాళ్లను ఆపింది. ఆమెకు ఆ నేర్పునూ బుద్ధినీ ఇచ్చింది అథీనాయే అని ఆ కథే చెబుతుంది. గ్రీకులకు బుద్ధీ నేతా ఒకే దేవత ఇచ్చే వరాలు. మనమూ అంతే కదా, కథ అల్లుతాం, మాట అల్లుతాం, అబద్ధం కూడా అల్లుతాం. వండర్ వుమన్‌కు అథీనా నుంచి బుద్ధి ఒక్కటే తీసుకుని నేతను వదిలేయడం పడుగు ఉంచుకుని పేక పారేసినట్టుంది.

పేరు లేని చేతులు

వండర్ వుమన్ వెనక ఇంకొక సంగతి తెలిసినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మార్‌స్టన్ భార్య ఎలిజబెత్ కూడా చదువుకున్నామె, న్యాయశాస్త్రం పట్టా ఉంది. రక్తపోటు పరిశోధనలో ఆమె సాయం చేసింది. పేరు మాత్రం భర్తదే నిలిచింది. వాళ్లింట్లోనే ఆలివ్ బైర్న్ అనే ఇంకొకామె ఉండేది. ఆమె చేతులకున్న వెడల్పాటి కడియాలే డయానా కడియాలకు మూలం. 1944లో జాయ్ హమ్మెల్ అనే యువతి మార్‌స్టన్ దగ్గర సహాయకురాలిగా చేరింది. టైపు చేయడంతో మొదలుపెట్టి తనే కథలు రాసింది. 1947 దాకా రాసింది. అవి అచ్చయింది మాత్రం చార్లెస్ మౌల్టన్ అనే కలం పేరుతో. ఆమె చేసిన పనికి పెద్ద గుర్తింపుగా బిల్ ఫింగర్ అవార్డు ఇచ్చింది 2018లో. అప్పటికి ఆమెకు తొంభై దాటాయి.

ఆడదాని బలం గురించిన కథనే ఆడది రాస్తే పేరు వేయలేదు. ఇది అమెరికాలో జరిగింది కదా అని మనం తల తిప్పుకోలేం. మా అవ్వ పొద్దున నాలుగింటికి లేచి బాపు సాంచాకు కండెలు చుట్టేది. ఆ తర్వాత వంట చేసేది. మధ్యాహ్నం నుంచి చాట ముందేసుకుని బీడీలు చుట్టేది. బీడీ కార్డు మీద అవ్వ పేరుంది, ఫొటో ఉంది. కండెల పనికి ఏ కార్డూ లేదు. పగారు పుస్తకంలో బాపు పేరొక్కటే. కండె లేకుండా నాడె నడుస్తుందా? నాడె నడవకుండా చద్దరు వస్తుందా? షోలాపూర్ చద్దరు అంటే దేశమంతా తెలుసు. ఆ చద్దరులో సగం పని ఎవరిదో మన గల్లీ దాటితే ఎవరికీ తెలియదు.

మన బొమ్మల కథ మనకుంది

బొమ్మల్లో కథ చెప్పడం మనకు అమెరికా నేర్పలేదు. తెలంగాణ పల్లెల్లో కూనపులివాళ్లు మన పద్మశాలీల ఇళ్లకే వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవారు. చేర్యాల నకాషీ చిత్రకారులు వేసిన పటం విప్పుకుంటూ, బొమ్మ బొమ్మకూ ఆగి కథ పాడేవారు. ఎర్రని నేల రంగు, వరసలు వరసలుగా గడులు, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. భావనారుషి తామర తూటి నుంచి పోగు తీసి దేవతలకు బట్ట నేయడం మన పురాణంలో పెద్ద ఘట్టం. ఆ పటం కూడా బట్టే. గంజి, చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి గట్టి చేసిన నేత బట్ట. నేసేది మనం, కథ మనది, వినేది మనం. అందులో నేత దాచిపెట్టాల్సిన పని కాదు, దేవతలు ఎదురుచూసే పని.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మన జకార్డ్ సాంచాను చూడండి. చద్దరు మీద నెమలి రావాలంటే ముందు గడుల కాగితం మీద నక్షా గీయాలి. ఏ గడి నిండాలి, ఏ గడి ఖాళీ ఉండాలి అని లెక్కపెట్టి, దాని ప్రకారం అట్టల మీద చిల్లులు కొట్టాలి. ఫ్రాన్సులో లియోన్ నేతగాడు జకార్డ్ 1804 ప్రాంతంలో తెచ్చిన పద్ధతి ఇది. పాత కామిక్ పుస్తకాన్ని దగ్గరగా పెట్టుకుని చూస్తే అందులో రంగులు కూడా చుక్కలు చుక్కలుగానే ఉంటాయి. నక్షా గీసే చెయ్యీ కామిక్ గీసే చెయ్యీ వేర్వేరు కావు.

ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మా అక్క కూతురు పదో తరగతి అయిపోయింది. ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలు రెండూ పాసైంది. ఇప్పుడు ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. "బొమ్మలు కడుపు నింపుతయా? కండెల మీద కూసోవెడితే వారం పగారన్న వస్తది" అని బావ అంటాడు. బావది దుర్మార్గం కాదు. కార్ఖానాలో వారానికి మూడు రోజులే పని దొరుకుతోంది, ఆయన భయం ఆయనది. నేను ఆయనకు చెప్పిందొకటే: "బావా, ఆ పిల్ల చేతిల నక్షా ఉన్నది. చద్దరుకు గీస్తదో, పుస్తకానికి గీస్తదో తర్వాత సంగతి. ఇంకో రెండేండ్లు చదవనియ్యి." ఆయన ఇంకా సరే అనలేదు. కాదని కూడా అనలేదు.

ఆ పిల్లకు అథీనా కథంతా చెప్పాను. విని రెండు రోజుల తర్వాత ఒక కాగితం తెచ్చింది. ఆరు గడులు. వండర్ వుమన్ ఎక్కడా లేదు. మొదటి గడిలో చీకటి, గడియారంలో నాలుగు. రెండో గడిలో ముసలి చేతులు, రాట్నం. మూడులో పోగు తెగడం, నాలుగులో అతుకు. అయిదులో బుట్ట నిండా కండెలు. ఆరో గడిలో సాంచా మీద చద్దరు, దాని మీద నెమలి. కింద మూలలో రెండు పేర్లు రాసింది, పైన వాళ్ల అమ్మమ్మది, దాని కింద తనది.

మన పత్రికలో పిల్లల పేజీ ఉంది. సంపాదకులు ఒప్పుకుంటే ఆ కాగితం వచ్చే సంచికలో వేయమని అడుగుతాను. మీ ఇళ్లలో గీసే పిల్లలుంటే వాళ్లకూ చెప్పండి. దేవతలను గీయొద్దని కాదు, గీయనివ్వండి. గీసేటప్పుడు ఆమె పక్కన ఒక మగ్గం కూడా పెట్టమనండి. మగ్గం భాగాల పేర్లు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగమనండి. పడుగు, పేక, పన్నె, నాడె, కండె అని వరసగా చెప్పగలిగినవాళ్లు మన గల్లీల్లో ఇంకా ఉన్నారు. వాళ్లున్నప్పుడే అడగాలి.